కళ్లు మసక, వెనుక గుమ్మం స్పష్టం: 4×5 కెమెరాలో ఫోకస్ లోపాన్ని పట్టుకోవడం

ప్రశ్న: మాది కోనసీమలో అమలాపురం దగ్గర ఒక గ్రామం. సెకండ్ హ్యాండ్‌లో 4×5 అంగుళాల షీట్ ఫిల్ము వాడే చెక్క ఫీల్డ్ కెమెరా, దానితో పాటు 150 ఎం.ఎం. ఎఫ్/5.6 లెన్సు కొన్నాను. కెమెరా చేతికి వచ్చేసరికే గ్రౌండ్ గ్లాస్ (కెమెరా వెనుక ప్రతిబింబాన్ని చూసి ఫోకస్ చేసుకునే గరుకు అద్దం) పగిలి ఉండటంతో రాజమండ్రిలో ఒక అద్దాల దుకాణంలో 2 మిల్లీమీటర్ల గరుకు అద్దం కోయించి బిగించుకున్నాను. అప్పటి నుంచి ఏ ఫొటో చూసినా ఏదో ఒక మసక ఉంటోంది. మండువా లోగిట్లో మా అమ్మమ్మను కూర్చోబెట్టి రెండు మీటర్ల దూరం నుంచి ఎఫ్/5.6 దగ్గర తీస్తే కళ్లు మసకగా, వెనుకనున్న గుమ్మం చెక్కడం స్పష్టంగా వచ్చాయి. కాలువ గట్టు మీది కొబ్బరి చెట్లను నిలువు ఫొటోగా ఎఫ్/8 దగ్గర తీస్తే మధ్యభాగం ఫరవాలేదు గానీ ఒక అంచు పై నుంచి కింది దాకా అలుక్కుపోయింది. కోటిపల్లి రేవు నుంచి మధ్యాహ్నం వేళ నారింజ ఫిల్టరుతో, ఎఫ్/22 దగ్గర, 1/8 సెకనుకు గోదావరిని తీస్తే అసలు ఎక్కడా పదును లేదు. లెన్సుకు బూజు పట్టిందని కొందరు, లెన్సే మంచిది కాదని కొందరు అంటున్నారు. దీన్ని అమ్మేసి మరొకటి కొనుక్కోవడం మంచిదా?

జవాబు: లెన్సును ఇప్పుడే అమ్మకండి. మీరు రాసిన మూడు ఫొటోలలోనూ మసక ఉంది గానీ ఆ మసక తీరు మూడింటిలో మూడు రకాలుగా ఉంది కనుక, అన్నిటికీ ఒకే కారణం వెతికితే దొరకదు. మొదటి దానిలో పదును ఉండవలసిన చోట లేకుండా వెనక్కి పోయింది. రెండవ దానిలో ఒక అంచున మాత్రమే పోయింది. మూడవ దానిలో అసలు ఎక్కడా లేదు. పెద్ద ఫార్మాట్ కెమెరాలో లోపం వెతికేవారు ముందుగా గమనించవలసిన తేడా ఇదే. పదును మరో చోటికి జరిగిందంటే లోపం గ్రౌండ్ గ్లాసూ ఫిల్మూ కూర్చునే స్థానాల తేడాలో ఉంటుంది. పక్కకు వాలిందంటే ఫిల్మును పెట్టి కెమెరాలో దూర్చే హోల్డరులోనో, ముందు వెనుక స్టాండర్డుల (లెన్సునూ ఫిల్మునూ నిలిపే చట్రాల) అమరికలోనో ఉంటుంది. ఎక్కడా లేదంటే కదలిక, గాలి, లెన్సు అనే వాటి వైపు చూడాలి. మీ ఉత్తరంలో ఈ వివరాలన్నీ శ్రద్ధగా రాశారు కాబట్టి చాలావరకు ఇక్కడి నుంచే చెప్పడానికి వీలవుతోంది.

లెన్సును ఎందుకు అనుమానించడం లేదో ముందు చెబుతాను. ఈ రకం కెమెరాలో మనం చూసేదీ, ఫిల్ము మీద పడేదీ ఒకే లెన్సు నుంచి వచ్చిన ఒకే ప్రతిబింబం. నల్ల గుడ్డ కప్పుకుని గ్రౌండ్ గ్లాస్ మీద లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూసినప్పుడు అమ్మమ్మగారి కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించాయంటే, అంత పదును ఇవ్వగల శక్తి ఆ లెన్సుకు ఉన్నట్టే. అదే అపర్చరులో, అంటే లెన్సు రంధ్రాన్ని అంతే తెరిచి, తీసిన ఫిల్ము మీద ఆ పదును కనిపించకపోతే, ఆ తప్పు లెన్సుది కాదు. హోల్డరు దూర్చినప్పుడు ఫిల్ము సరిగ్గా గాజు గరుకు తలం ఉన్న చోటికి రావడం లేదన్నమాట. పైగా మీ ఫొటోలో గుమ్మం చెక్కడం స్పష్టంగా వచ్చింది. చెడిపోయిన లెన్సు గుమ్మానికి ఒక న్యాయం, మనిషికి ఒక న్యాయం చేయదు.

అయితే ఏ పరీక్షకైనా ముందు, మసక నిజంగా నెగటివ్ మీదనే ఉందని తేల్చుకోవాలి. మీరు ఫ్లాట్‌బెడ్ స్కానరులో చూసి రాశారో, నెగటివునే చూసి రాశారో ఉత్తరంలో లేదు. ఇటువంటి స్కానర్లకు తమదంటూ ఒక ఫోకస్ ఎత్తు ఉంటుంది; ఫిల్ము విల్లులా వంగి ఉంటే మధ్యభాగం ఆ ఎత్తు దాటిపోయి మంచి నెగటివు కూడా మసకగా కనబడుతుంది. తెల్లటి స్క్రీన్ పెట్టిన సెల్‌ఫోన్ మీద, మధ్యలో ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా మూతను ఎడంగా ఉంచి, దాని మీద నెగటివు పెట్టి పది రెట్ల లూప్‌తో చూడండి. లూప్ లేకపోతే పాత 35 ఎం.ఎం. కెమెరా 50 ఎం.ఎం. లెన్సు కూడా అయిదు రెట్ల భూతద్దంగా పనికివస్తుంది. ఫొటోలన్నిటికీ ఈ చూపే ప్రమాణం. కంప్యూటర్ తెర మీద చూసి కెమెరాను విప్పదీయడం మంచిది కాదు.

ఇప్పుడు అమ్మమ్మగారి ఫొటో. నా అనుమానం బలంగా ఆ కొత్త అద్దం మీదనే ఉంది. దుకాణంలో కోసి ఇచ్చిన అద్దానికి ఒక వైపు గరుకుగా, రెండో వైపు నునుపుగా ఉంటుంది. ప్రతిబింబం ఏర్పడేది గరుకు వైపునే కాబట్టి ఆ వైపు లెన్సుకు ఎదురుగా ఉండాలి. మీరు దానిని తిరగేసి, అంటే గరుకు మీ వైపుకు వచ్చేలా బిగించి ఉంటే, గరుకు తలం ఉండవలసిన చోటు కంటే అద్దం మందమంత, అంటే 2 మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది. గాజు గుండా వచ్చే కాంతి వంగి, ప్రతిబింబాన్ని గాజు మందంలో దాదాపు మూడో వంతు వెనక్కి నెడుతుంది కాబట్టి నికరంగా మిగిలే తేడా మూడింట రెండు వంతులు, అంటే సుమారు 1.3 మిల్లీమీటర్లు. అంటే మీరు అద్దం మీద సరిచూసుకున్న స్థానం కంటే ఫిల్ము 1.3 మిల్లీమీటర్లు లెన్సుకు దగ్గరగా ఉంటోంది. ఫిల్ము లెన్సుకు దగ్గరైతే పదును దూరానికి పోతుంది. 150 ఎం.ఎం. లెన్సుతో రెండు మీటర్ల దగ్గర ఫోకస్ చేసినప్పుడు ఈ 1.3 మిల్లీమీటర్ల తేడా వలన పదును దాదాపు 2 మీటర్ల 22 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. కళ్లు దాటి, చెవులు దాటి, కుర్చీ వెనుక గుమ్మం దాకా పోయిందని మీరు రాసినది సరిగ్గా దీనికి సరిపోతోంది.

ఈ లోపం అన్ని ఫొటోలలో ఒకేలా కనబడకపోవడానికి కూడా కారణం ఉంది. 4×5 నెగటివు మీద మిల్లీమీటరులో పదో వంతు వ్యాసం దాకా ఉన్న మసక చుక్కను కన్ను క్షమిస్తుందని అనుకుంటే, ఎఫ్/5.6 దగ్గర ఫిల్ము అటూ ఇటూ అర మిల్లీమీటరు మాత్రమే తప్పవచ్చు. రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్/22 దగ్గర రెండు మిల్లీమీటర్లకు పైగా తప్పినా తెలియదు. కాబట్టి చిన్న అపర్చరులో బాగా వచ్చిన ఫొటోను చూసి కెమెరా బాగుందని తీర్మానించకూడదు. పరీక్షలన్నీ లెన్సును పూర్తిగా తెరిచిపెట్టి చేయాలి.

అద్దం ఏ వైపు ఉందో చూడటానికి పెన్సిల్ చాలు. గరుకు వైపున పెన్సిల్ గీత పడుతుంది, నునుపు వైపున పడదు. లెన్సు బోర్డు (లెన్సు బిగించిన పలక) తీసేసి, కెమెరా నడుమ మడతల సంచిలా ఉండే బెల్లోస్‌లోకి చెయ్యి పెట్టి లోపలి వైపున ఒక మూల గీయండి. గీత పడకపోతే అద్దాన్ని తిప్పి బిగించండి. గరుకు వైపు లెన్సుకు ఎదురుగా, ఫ్రేములోని అంచు మీద ఆని కూర్చుంటే అద్దం మందం రెండైనా మూడైనా ఫోకసుకు తేడా రాదు, ఎందుకంటే అప్పుడు మందం అంతా మీ వైపుకే పెరుగుతుంది. క్లిప్పులు గట్టిగా పట్టాయో లేదో మాత్రం చూసుకోవాలి.

ఒక మాట అదనంగా చెప్పాలి. కిటికీలకూ స్నానాలగది తలుపులకూ వేసే గరుకు అద్దం చాలావరకు ఇసుకను గాలితో కొట్టి చేసినది. దాని రేణువు పెద్దది కాబట్టి లూప్ పెట్టి చూస్తే ప్రతిబింబం కంటే రేణువే ఎక్కువ కనిపిస్తుంది, ఫోకస్ ఇదే అని నిశ్చయించుకోవడం కష్టమవుతుంది. మామూలు ఫ్లోట్ గ్లాసును కోయించుకుని, 400 లేదా 600 నంబరు కార్బొరండం పొడిని నీళ్లతో తడిపి, మరో చిన్న గాజు ముక్కతో గుండ్రంగా తిప్పుతూ ఇంట్లోనే నూరుకోవచ్చు. అరుగు మీద తడిగుడ్డ పరుచుకుని కూర్చుంటే ఒక పూట పని. గాజు అంతా ఒకే రంగులోకి వచ్చేదాకా ఓపికగా నూరాలి. అంచులను ముందే రుద్ది మొద్దు చేసుకోకపోతే చేతులు తెగుతాయి. మీరు తీసేది ఎక్కువగా మనుషుల ఫొటోలు అయితే ఈ శ్రమకు తగిన ఫలితం ఉంటుంది.

అద్దాన్ని సరిచేశాక అంతటితో ఆగకుండా ఒక పరీక్ష చేయండి. ఇంటి అరుగు మీద ఏడు అగ్గిపెట్టెలను నిలబెట్టి, ఒక్కొక్కటి ముందు దానికంటే 4 సెంటీమీటర్లు వెనక్కి, కొంచెం పక్కకు ఉండేలా ఏటవాలుగా పేర్చండి. ఒక్కో దాని మీద స్పష్టంగా ఒక అంకె రాసిన కాగితం అంటించండి. నడిమి పెట్టె, అంటే నాలుగవది, లెన్సుకు ఒకటిన్నర మీటరు దూరంలో ఉండాలి. పూర్తిగా తెరిచిన అపర్చరులో నాలుగవ అంకె మీద ఫోకస్ చేసి ఫొటో తీయండి. నెగటివు మీద నాలుగే అన్నిటికంటే పదునుగా ఉంటే గాజు, ఫిల్ము ఒకే తలంలో ఉన్నట్టు. ఏడవది, అంటే 12 సెంటీమీటర్లు వెనుకనున్నది, పదునుగా ఉంటే అద్దం ఇంకా తిరగబడే ఉన్నట్టు లెక్క. నాలుగవ దాని ముందున్న పెట్టె పదునుగా వస్తే లోపం ఎదురు దిశలో ఉంది: గాజు ఉండవలసిన దానికంటే లెన్సుకు దగ్గరగా ఉంది.

దీనికి ఖరీదైన షీట్ ఫిల్ము వాడనక్కరలేదు. ప్లాస్టిక్ పూత ఉన్న బ్రోమైడ్ పేపరును (ఫొటోలు ముద్రించే కాగితాన్ని) ఎర్ర లైటు కింద 4×5 కొలతకు కొంచెం తక్కువగా కోసి హోల్డరులో పెట్టి, సుమారు ఐ.ఎస్.ఓ. 6 వేగంతో ఎక్స్‌పోజరు లెక్కకట్టి, పేపర్ డెవలపరులోనే కడగవచ్చు. ఫిల్ముకూ దీనికీ మందంలో ఉన్న తేడా మిల్లీమీటరులో పదో వంతుకు మించదు కాబట్టి ఈ పరీక్షకు అది అడ్డు రాదు. ఫైబర్ బేస్ (ప్లాస్టిక్ పూత లేని) పేపరు మాత్రం వాడకండి, అది చుట్టుకుపోయి హోల్డరులో చదునుగా నిలవదు. ఎక్స్‌రే ఫిల్ము చవకగా దొరుకుతుందని కొందరు దానితో పరీక్ష చేస్తారు గానీ, దానికి సాధారణంగా రెండు వైపులా ఎమల్షన్ (కాంతికి స్పందించే పూత) ఉంటుంది, వెనుక కాంతిని పీల్చుకునే పొర ఉండదు. సహజంగానే అంచులు కొంత అలుక్కుంటాయి కనుక ఫోకస్ పరీక్షకు తగదు.

అగ్గిపెట్టెల పరీక్షలో ఇంకా తేడా కనిపిస్తే అప్పుడు కొలతలోకి దిగాలి. 4×5 హోల్డర్లకు అమెరికన్ ప్రమాణం ప్రకారం హోల్డరు ముఖతలం నుంచి ఫిల్ము ఆనే పలక దాకా లోతు 0.197 అంగుళం, అంటే 5 మిల్లీమీటర్లు. అనుమతించే తేడా 0.007 అంగుళం, అంటే 0.18 మిల్లీమీటరు. షీట్ ఫిల్ము మందం కూడా ఇంచుమించు అంతే కాబట్టి గరుకు తలం 0.190 అంగుళం, అంటే 4.83 మిల్లీమీటర్ల లోతున ఉండాలి. ఈ అంకెలను గుర్తుపెట్టుకోవలసిన పని కూడా లేదు, ఎందుకంటే మీకు కావలసినది మీ కెమెరాకూ మీ హోల్డర్లకూ మధ్య పొంతన మాత్రమే. కెమెరా వెనుక భాగాన్ని ఊడదీసి, లెన్సు వైపు ముఖం పైకి వచ్చేలా బల్ల మీద పెట్టండి. దాని ఫ్రేము మీద అడ్డంగా ఒక స్టీలు స్కేలు ఉంచి, స్కేలు పై అంచు నుంచి గ్రౌండ్ గ్లాస్ గరుకు తలం దాకా వెర్నియర్ కాలిపర్ లోతు కడ్డీతో కొలవండి. తరువాత స్కేలును కదపకుండా, పాడైన ఫిల్ము ఒకటి వేసిన హోల్డరును దూర్చి, డార్క్ స్లైడ్ (ఫిల్మును వెలుతురు నుంచి కాపాడే జారుడు పలక) తీసి, అదే స్కేలు నుంచి ఫిల్ము దాకా కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. మధ్యలోనూ, నాలుగు మూలల దగ్గరా కొలవాలి. కడ్డీ మొన ఫిల్మును తాకీ తాకగానే ఆగాలి. నొక్కితే ఫిల్ము వంగి తప్పుడు అంకె వస్తుంది. మీ దగ్గర వెర్నియర్ లేకపోతే మంచి లేత్ వర్క్‌షాపు ఏదైనా దీన్ని ఇస్తుంది, 0.02 మిల్లీమీటరు దాకా చదవగల మామూలు వెర్నియర్ సరిపోతుంది.

గాజు లెన్సుకు దగ్గరగా ఉందని తేలితే దాని నాలుగు మూలల కింద సన్నని ముక్కలు పెట్టి వెనక్కి జరపవచ్చు. వాడేసిన షీట్ ఫిల్ము ముక్క ఒక్కొక్కటి 0.18 మిల్లీమీటరు ఇస్తుంది కాబట్టి లెక్క సులువు. గాజు వెనక్కి ఉందని తేలితే, ముందుగా దాని కింద పాత జిగురో, చెక్క పొట్టో, ఎవరో పెట్టిన అట్టముక్కో ఉందేమో చూసి శుభ్రం చేయండి. చెక్కను తొలచడం ఆఖరి పని. తొలిచిన చెక్క మళ్లీ రాదు. ముందుముందు వెలుగు కోసం ఫ్రెనెల్ పలక (గాజు మీది ప్రతిబింబాన్ని అంచుల దాకా వెలిగించే పలుచని వలయాల లెన్సు) కొని వేసుకోవాలనుకుంటే, దాన్ని గ్రౌండ్ గ్లాసుకు మీ వైపున పెట్టండి. అప్పుడు ఫోకస్ మారదు. లెన్సు వైపున పెడితే గాజును వెనక్కి నెట్టి మీకిప్పుడున్న లోపాన్నే మళ్లీ తెస్తుంది. కొన్ని కెమెరాలు ఫ్రెనెల్ లోపలి వైపు ఉండేలాగే తయారయ్యాయి. వాటిలో దాన్ని తీసేస్తే గాజు ముందుకు జారి ఎదురు దిశలో లోపం వస్తుంది. మీ ప్రాంతపు పాత స్టూడియోలలో హాఫ్ ప్లేట్ చెక్క కెమెరాలు ఎప్పుడైనా మీ చేతికి వస్తే ఇదే జాగ్రత్త హోల్డరు విషయంలో తీసుకోవాలి. గాజు ప్లేట్ల కోసం చేసిన హోల్డరులో ఫిల్మును నిలిపేందుకు రేకు తొడుగు ఉంటుంది. అది లేకుండా ఫిల్ము వేస్తే లోతు మారిపోతుంది.

ఫోకస్ చేసే పద్ధతిలో కూడా రెండు చోట్ల తప్పు దొర్లవచ్చు. లూప్‌ను ముందుగా గాజు రేణువు మీదనే ఫోకస్ చేసుకోవాలి. లేకపోతే కన్ను గాజుకు ముందో వెనుకో గాలిలో ఉన్న ప్రతిబింబాన్ని చూసి సరిపెట్టుకుంటుంది. ఇందాక లోపలి వైపున గీసిన పెన్సిల్ గీతను చెరపకండి. లూప్‌లో ఆ గీత స్పష్టంగా కనిపించేలా అమర్చుకోండి. కళ్లద్దాలు ఉంటే పెట్టుకునే చూడండి, ఒకసారి పెట్టుకుని ఒకసారి తీసి చూడవద్దు. రెండవది, హోల్డరు దూర్చేటప్పుడు వెనుక స్టాండర్డు జరగడం. పాత చెక్క కెమెరాలలో లాక్ వదులుగా ఉంటే ఇది తరచూ జరుగుతుంది. ఫొటో తీసిన వెంటనే డార్క్ స్లైడ్ మూసి, హోల్డరు బయటికి లాగి, షట్టరు తెరిచి, గాజు మీద మళ్లీ చూడండి. ఫోకస్ మారి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఈ అలవాటు ఎంతో ఫిల్మును కాపాడుతుంది.

ఇక కాలువ గట్టు ఫొటో. నిలువు ఫొటోలో ఒక అంచు పై నుంచి కింది దాకా మసకబారిందన్న ఒక్క మాట వల్ల నా ఆలోచన నేరుగా హోల్డరు పట్టాల మీదకు వెళ్లింది. హోల్డరులో ఫిల్ము రెండు పొడవు అంచులూ సన్నని పట్టాల కిందికి పోవాలి. నిలువు ఫొటోలో ఆ పట్టాలు కుడి ఎడమల ఉంటాయి. చీకట్లో ఫిల్ము ఎక్కించేటప్పుడు ఒక అంచు పట్టా కిందికి కాకుండా దాని పైకి, అంటే డార్క్ స్లైడ్ నడిచే గాడిలోకి, ఎక్కిందనుకోండి. ఆ అంచు లెన్సు వైపుకు లేచి నిలబడుతుంది. మీ విషయంలో అద్దం లోపం వల్ల ఫిల్ము అప్పటికే లెన్సుకు దగ్గరగా ఉంది. ఆ మీద ఈ అంచు అదే దిశలో మరింత ముందుకు వచ్చింది. రెండు తప్పులూ ఒక వైపునే కలిశాయి కాబట్టి ఎఫ్/8 దగ్గర మధ్యభాగం ఫరవాలేదనిపించి, ఆ అంచు పూర్తిగా చెడింది.

దీనికి సాక్ష్యం నెగటివు మీదనే ఉంటుంది. దాన్ని వెలుతురుకు ఎత్తి రెండు పొడవు అంచులూ చూడండి. పట్టాలు కప్పిన మేర కాంతి తగలదు గనుక సరిగా ఎక్కిన ఫిల్ముకు రెండు పక్కలా సమానమైన సన్నని తేట అంచు ఉంటుంది. మసక ఉన్న పక్కన ఆ తేట అంచు లేకపోయినా, రెండో పక్క కంటే వెడల్పులో తేడాగా ఉన్నా, నా అనుమానం నిజమైనట్టే. ఇకముందు ఫిల్ము ఎక్కించాక డార్క్ స్లైడ్ మూసే ముందు, రెండు పక్కలా వేలి గోరుతో పట్టా మీద నెమ్మదిగా రాస్తూ పోయి, ఫిల్ము అంచు గోటికి తగలడం లేదని నిశ్చయించుకోండి. ఫిల్ము మధ్యభాగాన్ని మాత్రం తాకకండి. ప్రతి హోల్డరుకూ అంకె వేసి, ఏ ఫొటో దేనిలో తీశారో రాసుకోవడం కూడా అవసరం. మసక ఎప్పుడూ ఒకే హోల్డరులో వస్తుంటే వెతకవలసిన చోటు తెలిసిపోతుంది.

తేట అంచులు రెండూ సమానంగా ఉంటే అప్పుడు స్టాండర్డుల వైపు చూడాలి. ముందు స్టాండర్డు కొంచెం పక్కకు తిరిగి ఉన్నా ఇలాంటి మసకే వస్తుంది. చదునైన గోడకు నాలుగైదు వార్తాపత్రిక కాగితాలు అంటించి, కెమెరాను గోడకు సమాంతరంగా నిలిపి, లెన్సు పూర్తిగా తెరిచి మధ్యలోని అక్షరాల మీద ఫోకస్ చేయండి. తరువాత లూప్‌ను నాలుగు మూలలకూ తీసుకువెళ్లి చూడండి. గాజు మీదనే ఒక పక్క అక్షరాలు మసకగా ఉంటే స్టాండర్డులు సమాంతరంగా లేవు; లెన్సు బోర్డు నుంచి వెనుక ఫ్రేముకు రెండు పక్కలా స్కేలుతో కొలిచి సరిచేయండి. లెన్సు బోర్డు తన గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో కూడా అప్పుడే చూడండి. గాజు మీద నాలుగు మూలలూ బాగుండి ఫిల్ము మీద ఒక పక్క చెడితే తప్పు హోల్డరుది, లేదా హోల్డరు కెమెరాలో పూర్తిగా కూర్చోకపోవడం. హోల్డరు మీది అడ్డగట్టు కెమెరా వెనుక ఉన్న గాడిలో పడినప్పుడు చేతికి తెలుస్తుంది. వానాకాలంలో మన దగ్గర చెక్క ఉబ్బి ఆ గాడి బిగుసుకుపోవడం మామూలే. బలవంతంగా తోయకుండా, గాడి ఎక్కడ పట్టేస్తోందో చూసి కొంచెం కొవ్వొత్తి మైనం రాయండి.

గోదావరి ఫొటో గురించి. ఎఫ్/22 దగ్గర 1.3 మిల్లీమీటర్ల తేడా దాదాపు కనబడదని పైన చెప్పాను. కాబట్టి ఈ ఫొటోకు ఆ అద్దాన్ని నిందించలేము. ఎఫ్/22 దగ్గర డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి చెదరడం) వల్ల పోయే పదును కూడా 4×5 మీద లెక్కలోకి వచ్చేంత కాదు. అది ఎఫ్/45 దాటాక ఆలోచించవలసిన విషయం. 1/8 సెకను అన్న దగ్గరే నాకు కదలిక మీద అనుమానం కలిగింది. నెగటివు మీద నీటి మెరుపులనో, అవతలి ఒడ్డున ఉన్న రేకుల కప్పు మెరుపునో లూప్‌తో చూడండి. ఫోకస్ తప్పితే మెరుపు గుండ్రని మచ్చగా వ్యాపిస్తుంది. కెమెరా కదిలితే ఒక దిశలో చిన్న గీతగా సాగుతుంది, ఆ సాగుడు ఫొటో అంతటా ఒకే దిశలో ఉంటుంది. బెల్లోస్ గాలికి తెరచాపలా పనిచేస్తుంది. రేవులో వీచే గాలి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. రేవు ఒడ్డున ఒండ్రు మట్టిలో ట్రైపాడ్ కాళ్లు ఎక్స్‌పోజరు జరుగుతుండగానే కొద్దికొద్దిగా దిగబడతాయి. ఒక్కో కాలి కింద ఒక ఇటుక ముక్క పెట్టి, కాసేపు కెమెరా బరువును ఆననిచ్చి, అప్పుడు ఫోకస్ చేయండి. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) రేవుకు ఆనుకుని ఉన్నప్పుడు దాని ఇంజను అదురు గట్టు దాకా వస్తుంది. అది బయలుదేరి వెళ్లేదాకా ఆగండి. కేబుల్ రిలీజ్‌ను (షట్టరు నొక్కే తీగను) బిగుతుగా లాగిపట్టకుండా వదులుగా వంపు తిరిగేలా పట్టుకోండి.

మెరుపులు గీతలుగా సాగకుండా, దూరపు కొబ్బరి తలలు మాత్రం కరిగిపోయినట్టు ఉంటే అది మధ్యాహ్నపు గాలి పని. ఎండకు కాగిన ఇసుక లంకల మీద, నీటి మీద గాలి పొరలు పొరలుగా కదులుతూ దూరపు గీతలను వంకర చేస్తుంది. దీనికి ఏ లెన్సూ మందు కాదు. తెల్లవారి మంచు విడిపోయిన తరువాత, ఎండ ముదరకముందు ఉన్న సమయం అందుకు అనుకూలం. నారింజ ఫిల్టరును లెన్సుకు ముందు పెట్టారో వెనుక పెట్టారో మీరు రాయలేదు. వెనుక పెడితే ఆ గాజు కూడా ఫోకసును తన మందంలో మూడో వంతు జరుపుతుంది కాబట్టి, ఫిల్టరు పెట్టిన తరువాతనే ఫోకస్ చేయాలి. ముందు పెట్టుకోవడమే సుఖం.

లెన్సు మీద వచ్చిన ఆరోపణలకు కూడా సమాధానం చెప్పాలి. షట్టరు తెరిచి, వెనుక నుంచి టార్చి వేసి ఏటవాలుగా చూస్తే బూజు సాలెగూడు దారాల్లా కనిపిస్తుంది. కొద్దిపాటి బూజు ఫోకసును జరపదు. వెలుగు చోట్ల చుట్టూ తెల్లని తెర వ్యాపించి, నీడలు పాలిపోయి, కాంట్రాస్టు తగ్గుతుంది. మీరు చెప్పిన లక్షణాలలో అది లేదు. ఎవరైనా ఆ లెన్సును విప్పి శుభ్రం చేసి ఉంటే మాత్రం ముందు వెనుక గాజు భాగాలు రెండూ షట్టరులోకి చివరిదాకా మరలు తిరిగాయో లేదో చూడండి. కొన్ని లెన్సులలో ముందు భాగానికీ షట్టరుకూ మధ్య పలుచని ఇత్తడి వలయం ఉంటుంది. అది పోయినా, లెన్సులోని ఒక గాజు తిరగబడినా, ప్రతిబింబం గ్రౌండ్ గ్లాస్ మీదనే పదును కోల్పోతుంది. అంటే లూప్‌లోనే తెలుస్తుంది. ఇంకొక అరుదైన సంగతి ఉంది: కొన్ని పాత లెన్సులలో అపర్చరు మూసేకొద్దీ ఫోకస్ తలం జరుగుతుంది. పాత కన్వర్టిబుల్ (ముందు భాగం తీసేసి కూడా వాడగల) సిమ్మార్ వంటి లెన్సులను ఒక్క వెనుక భాగంతోనే వాడినప్పుడు ఇది బాగా కనిపిస్తుంది. అటువంటి లెన్సుతో తీసే అపర్చరు దగ్గరే ఫోకస్ చేసుకోవాలి. మీరు అమ్మమ్మగారిని తీసినది తెరిచిన అపర్చరులోనే కాబట్టి ఈ కారణం అక్కడ వర్తించదు.

చివరగా తేమ. ఏ.సీ. గదిలోంచి కెమెరాను కోనసీమ వానాకాలపు గాలిలోకి ఒక్కసారిగా తెస్తే లెన్సు మీద చెమ్మ పడుతుంది. సంచిలోనే కొంతసేపు ఉంచి బయటి వేడికి అలవాటు పడ్డాక తీయాలి. ఫ్రిజ్‌లో పెట్టిన ఫిల్ము పెట్టెను కొన్ని గంటలు బయట ఉంచిన తరువాతనే తెరవాలి. పొడిగా ఉన్న హోల్డరులోని ఫిల్ముకు తేమ గాలి తగిలితే అది కొద్దిగా పొంగుతుంది. డార్క్ స్లైడ్ లాగిన వెంటనే తీయకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగితే, ఎక్స్‌పోజరు మధ్యలో అది కదిలే ప్రమాదం తగ్గుతుంది. కెమెరా నేల వైపు వంగి ఉన్నప్పుడు ఫిల్ము మధ్యలో దిగుతుంది కాబట్టి అప్పుడు అపర్చరు మూసి తీయడం మేలు. లెన్సును తోలు పెట్టెలో దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచి, అది రంగు మారినప్పుడల్లా మూకుడులో సన్నని సెగ మీద వేయించి మళ్లీ వాడండి.

ఇప్పుడు చేయవలసిన మొదటి పని పెన్సిల్ గీత, ఆ తరువాత కొబ్బరి చెట్ల నెగటివు అంచులు. ఈ రెండూ ఈ రోజే చూడవచ్చు. అగ్గిపెట్టెల పరీక్ష అద్దం సరిచేసిన తరువాత చేయండి. అందులో నాలుగవ అంకె పదునుగా వచ్చాక కూడా అమ్మమ్మగారి కళ్లు మసకగానే వస్తుంటే, షట్టరు వేగం, ఆవిడ కూర్చున్న దూరం, రెండు పక్కల తేట అంచుల వెడల్పు, ఏ హోల్డరు వాడారో రాసి మళ్లీ ఉత్తరం పంపండి. పెద్దవారు కూర్చున్నప్పుడు ఫోకస్ చేయడానికీ షట్టరు నొక్కడానికీ మధ్య హోల్డరు దూర్చే సమయంలో తల రెండు మూడు అంగుళాలు ముందుకో వెనక్కో ఒరగడం సహజం, ఎఫ్/5.6 దగ్గర ఆ మాత్రం చాలు కళ్లు తప్పడానికి. కుర్చీ వెనుక వీపుకు దిండు ఆనించి, అపర్చరును ఎఫ్/11కు తగ్గించి తీయండి.